తలుపు తట్టకముందే

ఈ నెల మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొని వ్యాసము మొదలుపెడుతున్నాము.

రాచర్ల నుండి గిద్దలూరు వెళ్ళే రోడ్డు మీద ఒక అబ్బాయి ఏడాదిపాటు ప్రతి దినము తెల్లవారుజామున పరుగెత్తాడు. మేము ప్రార్థనకు లేచే వేళకు అతని అడుగుల చప్పుడు వినబడేది. నల్లమల మీద నుండి చలిగాలి దిగే రోజుల్లో కూడ మానలేదు. మిలిటరీలో చేరాలని అతని ఆశ. తండ్రి లేడు. తల్లి హైదరాబాదులో బిల్డింగు పనికి పోతుంది. అవ్వ దగ్గర పెరిగాడు. పదవ తరగతి మంచి మార్కులతో పాసై, ఇంటర్ కూడ ముగించాడు.

2023 ఫిబ్రవరిలో అగ్నివీర్ దరఖాస్తులు మొదలైనవి. అబ్బాయి సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకొని గిద్దలూరు నెట్ సెంటరుకు వెళ్ళాడు. పుట్టిన తేదీ కొట్టగానే కంప్యూటరు ముందుకు పోలేదు. ఆ సంవత్సరము 2002 అక్టోబరు 1వ తేదీన గాని ఆ తరువాత గాని పుట్టినవారికే అవకాశము. ఇతని పదవ తరగతి మెమోలో 2002 జూన్ 1 అని ఉన్నది. నాలుగు నెలలు ఎక్కువ.

ఆ సాయంత్రము మా ఇంటికి వచ్చాడు. "అయ్యగారూ, నేను పుట్టింది 2003లో, సంక్రాంతి పోయిన వారంలో అని మా అవ్వ చెబుతుంది. మరి జూన్ ఒకటని ఎవరు రాయించారు?" అని అడిగాడు. వెనుక నిలబడిన అవ్వ నోరు తెరవలేదు. మేమే చెప్పవలసి వచ్చింది. "మేమే రాయించాము నాయనా."

అది 2007 జూన్ నెల. మేము సేవకు కొత్త. రెండు రోజుల్లో పనికి పోవలసిన తల్లి, బిడ్డను బడిలో వేసి పోదామని మమ్మల్ని వెంటబెట్టుకొని వెళ్ళింది. ఐదేండ్లు నిండితే గాని ఒకటవ తరగతిలో చేర్చుకోరు. బిడ్డకు నాలుగున్నర కూడ లేవు. పుట్టినట్లు కాగితము లేదు. బడిలో ఉంటే మధ్యాహ్నము అన్నమైనా దొరుకుతుంది గదా అని, "2002 జూన్ 1 వేయండి సార్, మేము సంతకము పెడతాము" అన్నాము. ఒక్క నిమిషములో పని అయిపోయింది. తల్లి కన్నీళ్ళతో దండము పెట్టింది. మంచి పని చేశామనుకొని ఇంటికి వచ్చాము.

ఆ దినము మేము ఒక పూట అన్నము చూశాము, పదహారేండ్ల తరువాత వచ్చే గుమ్మమును చూడలేదు. జాలితో చెప్పినా అబద్ధము అబద్ధమే. దాని అప్పు ఆ బిడ్డ తీర్చవలసి వచ్చింది.

మన పల్లెల బడి రిజిస్టర్లు తిరగవేస్తే జూన్ నెలలో పుట్టినవారు ఎందరో కనబడతారు. వారి వెనుక ఇటువంటి కథలు ఉన్నవి. అందుకే చదువుకు, కొలువుకు ప్రవేశ అర్హతల గూర్చి నాలుగు మాటలు వ్రాయాలని మనస్సులో భారము కలిగింది.

రాజు కొలువులో నలుగురు

అర్హతలు అడుగుట అన్యాయమని కొందరు విశ్వాసులు అనుకొంటారు. "దేవుడు తెరిచిన తలుపుకు సర్టిఫికెట్లు ఎందుకు?" అంటారు. దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము చదువుకొందము. నెబుకద్నెజరు తన కొలువుకు యువకులను ఎన్నుకొన్నప్పుడు వంశము చూశాడు, దేహములో లోపము లేకుండుట చూశాడు, చదువు, గ్రహింపు చూశాడు. ఆ మీదట పరాయి భాషలో మూడేండ్ల శిక్షణ. చివర రాజే స్వయముగా పరీక్ష చేశాడు.

దానియేలును అతని ముగ్గురు స్నేహితులును ప్రార్థనాపరులు. అయినను ఆ మూడేండ్ల చదువును తప్పించుకొనలేదు. రాజు భోజనము విషయములో మనస్సాక్షిని కాపాడుకొన్నారు, చదువు విషయములో కష్టపడ్డారు. దేవుడు వారికి జ్ఞానము ఇచ్చాడు. ప్రార్థన ఒక చేతిలో, పుస్తకము ఒక చేతిలో ఉండాలని ఆ నలుగురు మనకు నేర్పుతున్నారు.

మన పిల్లలకు తెలివి తక్కువై వెనుకబడుతున్నారని మేము ఒప్పుకోము. గుమ్మము ఏమి అడుగుతుందో గుమ్మము దగ్గరకు వెళ్ళిన తరువాత తెలిసికొంటున్నారు. అప్పటికి ఆలస్యమైపోతున్నది.

ఏ గుమ్మము ఏమి అడుగుతుంది?

మొదటి గుమ్మము ఐదవ తరగతిలోనే వస్తుంది. తర్లుపాడు మండలము కలుజువ్వలపాడులో నవోదయ విద్యాలయము ఉన్నది. ఆరవ తరగతిలో చేరితే ఇంటర్ వరకు చదువు, వసతి, భోజనము దొరుకుతాయి. నూటికి 75 సీట్లు పల్లెటూరి పిల్లలకే. కాని ఆ పల్లె సీటు కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెలోని గుర్తింపు ఉన్న బడిలో పూర్తిగా చదివి ఉండాలి. పరీక్ష ఒక్కసారే వ్రాయనిస్తారు. "ఈసారి పోతే మళ్ళీ వ్రాయిద్దాము" అనుటకు వీలు లేదు. నాలుగవ తరగతిలో ఉండగానే తల్లిదండ్రులు మేలుకొనాలి.

రెండవది పదవ తరగతి. "పాసైతే చాలు" అనే మాట మన ఇండ్లలో తరచుగా వినబడుతుంది. లెక్క చూడండి. ఆరు సబ్జెక్టులలో ముప్పయి ఐదేసి తెచ్చుకొన్నవానికి 600లో 210 వస్తాయి. వాడు పాసే. కాని అగ్నివీర్‌లో సాధారణ సిపాయి కొలువుకు మొత్తము మీద నూటికి 45, ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలి. అనగా 600లో 270. బడిలో పాసైనవాడు ఆ గుమ్మము దగ్గర ఫెయిల్. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగమునకు వేరే వ్రాత పరీక్షయే లేదు. పదవ తరగతి మార్కులను బట్టి పేర్లు తీస్తారు. పదిహేనేండ్ల వయస్సులో తెచ్చుకొన్న మార్కులే ముప్పయి ఏండ్లప్పుడు కూడ కొలువు నిర్ణయిస్తాయి.

2008లో స్థాపించబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును మనవాళ్ళు ట్రిపుల్ ఐటి అంటారు. పదవ తరగతి తరువాత నేరుగా ఆరేండ్ల ఇంజనీరింగు చదువు. పల్లె పిల్లల కొరకే పెట్టినది. అక్కడ కూడ పదవ తరగతి మార్కులే ప్రవేశ పరీక్ష. మొదటి ప్రయత్నములోనే పాసై ఉండాలి. మన వైపు పిల్లలు ఆ చదువులో చేరి ఇంజనీర్లు అవుతున్నారు. గణితములో ఒక్కసారి తప్పినా ఆ తలుపు మూసుకొంటుంది. ఈ సంగతి తొమ్మిదవ తరగతిలో తెలిస్తే లాభము, ఫలితాలు వచ్చిన దినమున తెలిస్తే దుఃఖము.

మూడవది ఇంటర్ తరువాతి గుమ్మము. టీచరు కావాలన్నది మన ఆడపిల్లల్లో ఎక్కువమంది కోరిక. మన సంఘములో ఒక చెల్లెలు డిగ్రీ చదివి, అప్పుచేసి బి.ఇడి. పూర్తిచేసింది. ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు కావాలని ఆమె ఆశ. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చిన్న తరగతులకు బి.ఇడి. చాలదు, డి.ఇడి. శిక్షణ ఉండాలని ఆ తీర్పు సారాంశము. 2025లో మన రాష్ట్రములో 16,347 పోస్టులతో డి.ఎస్.సి. ప్రకటించినప్పుడు, ఆమె కోరుకొన్న పోస్టుకు దరఖాస్తు చేయలేకపోయింది. ఇంటర్ కాగానే రెండేండ్ల డి.ఇడి. చదివి ఉంటే డబ్బు తగ్గేది, కాలము మిగిలేది. పెద్ద చదువు ఎప్పుడును ఎక్కువ అర్హత అని అనుకొనుట పొరపాటు. ఏ గుమ్మమునకు ఆ తాళపు చెవే పట్టాలి.

పోలీసు కానిస్టేబులుకు ఇంటర్ ఉండాలి. మగపిల్లలకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఆడపిల్లలకు 152.5 అని అడిగారు. చింతించినందువలన ఎవరును ఎత్తు పెంచుకొనలేరని ప్రభువు చెప్పనే చెప్పాడు. కోచింగుకు డబ్బు కట్టకముందు ఇంటి గోడ దగ్గర నిలబెట్టి టేపుతో కొలిచి చూస్తే ఆ డబ్బు నిలుస్తుంది. ఇంకొక సంగతి. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వచ్చింది. మొదటి పరీక్ష 2023 జనవరిలో జరిగింది. తుది ఫలితాలు వచ్చినది 2025 ఆగస్టులో. ఆ మధ్యకాలములో కూర్చొని ఎదురుచూసినవారికి వయస్సు మాత్రమే పెరిగింది. ఒక తలుపు దగ్గర నిలబడి ఉండగా చేతిపని ఏదైనా నేర్చుకొనుట జ్ఞానము. పౌలు అపొస్తలుడు డేరాలు కుట్టాడు గదా.

పేరు ఒకటి, కాగితము ఒకటి

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో ఒక చిన్న సంఘటన ఉన్నది. చెర నుండి తిరిగి వచ్చిన యాజకులలో కొందరు తమ వంశావళి గ్రంథములో తమ పేర్లు వెదికారు. దొరకలేదు. వారిని యాజక ధర్మము నుండి ప్రక్కకు పెట్టారు. వారు యాజకుల బిడ్డలు కారని ఎవరును నిరూపించలేదు. కాగితము దొరకలేదు, అంతే. ఇన్ని వేల ఏండ్ల తరువాత మన పిల్లలకు అదే జరుగుతున్నది.

మన క్రైస్తవ కుటుంబాలలో ఈ చిక్కు మరింత ఎక్కువ. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడిలో వేసిన పేరు ఒకటి, బాప్తిస్మములో పెట్టుకొన్న పేరు ఇంకొకటి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, మెమోలో ఇంటిపేరు వెనుక. తండ్రి పేరు ఒక కాగితములో సంఘము పెట్టిన పేరు, ఇంకొక కాగితములో తాత పెట్టిన పేరు. సంఘములో యోహాను, బడిలో చిన్న వెంకటయ్య అయితే, ఇద్దరును ఒకరేనని ఆఫీసులో కూర్చున్నవానికి ఎలా తెలుస్తుంది? బాప్తిస్మపు పేరు హృదయములో ఉంటే చాలు. కాగితాల మీద మొదటి నుండి ఒకే పేరు, ఒకే అక్షరాలు ఉండనివ్వండి. మెమోలో ఒకసారి అచ్చయిన తేదీని మార్చుకొనుట బహు కష్టము.

ఇక పుట్టిన తేదీ. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము బిడ్డ పుట్టిన 21 దినములలోపల నమోదు చేయిస్తే రుసుము లేదు. 30 దినములలోపల అయితే ఆలస్య రుసుము కట్టాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. బిడ్డకు పేరు పెట్టక ముందే నమోదు చేయించవచ్చు, పేరు తరువాత చేర్పించవచ్చు. ఈ చట్టమును 2023లో సవరించారు. ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకు, డ్రైవింగు లైసెన్సుకు, ఓటుకు, ప్రభుత్వ ఉద్యోగమునకు పుట్టిన తేదీని రుజువు చేసే కాగితము జనన ధ్రువపత్రమే. ఇకమీదట మావంటివారి సంతకము చెల్లదు. చెల్లకపోవుటే మేలు.

వలసపోయిన ఇంటి పిల్లలు

మన పడమటి మండలాలలో వానలు మోసము చేస్తే ఇండ్లకు తాళాలు పడతాయి. కొందరు గుంటూరు వైపు మిరపకాయలు కోయుటకు, కొందరు హైదరాబాదుకు, బెంగుళూరుకు కట్టడపు పనులకు వెళ్తారు. పిల్లలు వెంట పోతారు. నాలుగు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. ఎక్కడా పేరు సరిగా ఉండదు.

మన రాష్ట్రములో ఉద్యోగాలకు స్థానికత చూస్తారు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలము. ఊరు ఏది, పొలము ఎక్కడ ఉన్నది అని కాదు, వరుసగా ఎక్కడ చదివాడు అని ముందు చూస్తారు. నాల్గవ తరగతి నుండి పదవ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు తెమ్మంటారు. తల్లిదండ్రుల వెంట తిరిగిన బిడ్డకు ఈ వరుస తెగిపోతుంది. తాతలనాటి నుండి రాచర్ల మండలములో ఉన్న ఇంటి బిడ్డ తన సొంత జిల్లాలో స్థానికేతరుడవుతాడు. కాబట్టి వలస పోకముందు బిడ్డను అవ్వ దగ్గరనో, హాస్టలులోనో ఉంచే ఏర్పాటు చూడండి. తప్పనిసరిగా వెంట తీసికొనిపోతే, చదివిన ప్రతి బడి నుండి టి.సి., స్టడీ సర్టిఫికెటు అప్పుడే తీసికొనండి. బడి మూతపడిన తరువాత వెదకుట కష్టము.

చెప్పక తప్పని మాట

సంఘములో గుసగుసగా మాట్లాడుకొనే విషయము ఒకటి ఉన్నది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా ప్రకారము క్రైస్తవ మతము తీసికొన్నవారికి ఎస్.సి. హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. ఎస్.సి. నుండి క్రైస్తవులైనవారికి, వారి సంతతికి మన రాష్ట్రములో బి.సి.-సి క్రింద నూటికి ఒక్క శాతము రిజర్వేషను ఉన్నది. షెడ్యూల్డు తెగలవారికి మతమును బట్టి ఈ అడ్డు లేదు. ఈ విషయము పరిశీలించుటకు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఒక కమిషన్‌ను నియమించింది.

ఇది అన్యాయమని మా మనస్సు చెబుతున్నది. మతము మారినంత మాత్రాన ఊరి చివర ఇల్లు ఊరి మధ్యకు రాలేదు. అయినను సర్టిఫికెటు కొరకు బాప్తిస్మము దాచుకొని బ్రదుకుతున్నవారి మనోవేదన మేము దగ్గరగా చూశాము. వారిని తీర్పు తీర్చుటకు మాకు నోరు రాదు. ఒక తేదీ విషయములో మేమే తప్పిపోయినవారము. ఒక్కటే చెప్పగలము. ఒక అబద్ధము మీద నిలబెట్టిన కొలువులో ఏ పరిశీలన వచ్చినా గుండె కొట్టుకొంటుంది. న్యాయమును బాహాటముగా అడుగుదము, పాలకులకు విన్నవించుకొందము. బిడ్డల కాగితాలు మాత్రము సత్యముగా ఉంచుదము.

తలుపు తీసిన పితరులు

ఈ ప్రాంతములో చదువు గుమ్మమునకు ఒకప్పుడు కులమే అర్హత. 1866లో ఒంగోలుకు వచ్చిన జాన్ క్లౌ దొరగారి బడికి పై కులాల పిల్లలు వచ్చేవారు. మాదిగ సోదరులను చేర్చుకొంటే మేము రాము అని వారి పెద్దలు అన్నారు. క్లౌ దొరగారును ఆయన భార్యయు వేర్వేరుగా ఉండి, ఆ సమయములో బైబిలు తెరిచి ఒకే భాగమును, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమును చదివారట. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొన్న సంగతి అక్కడ ఉన్నది. వారు తలుపు మూయలేదు. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ గుండ్లకమ్మ మన నల్లమలలో పుట్టి, మన కంభము చెరువు మీదుగా పోయిన నీరే.

ఆ తలుపు తెరిచి నూటయాభై ఏండ్లు అవుతున్నది. ఇప్పుడు గుమ్మములు ఎక్కువైనవి, ప్రశ్నలు ఎక్కువైనవి. ఆ ప్రశ్నలను ముందుగా తెలియజెప్పే పని సంఘము చేయవలెనని మా మనవి. దీనికి డబ్బు అవసరము లేదు. బిడ్డను ప్రతిష్ఠకు తెచ్చినప్పుడు జనన ధ్రువపత్రము చూపమని కాపరి అడగాలి. లేకపోతే ఆ వారములోనే తీయించుటకు ఒక యౌవనస్థుని తోడు పంపాలి. సండేస్కూలు రిజిస్టరులో ప్రతి పిల్లవాని పేరు, తేదీ, తరగతి కాగితములో ఉన్నట్లే వ్రాయాలి. నాలుగవ, తొమ్మిదవ తరగతుల పిల్లల తల్లిదండ్రులతో ఏడాదికి ఒక ఆదివారము ఆరాధన తరువాత కూర్చొని మాట్లాడాలి. సంఘములో ఉద్యోగములో ఉన్నవారు ఆ దినము తప్పక రావాలి. అర్హతలు, వయస్సులు ఏటేటా మారుతుంటాయి గనుక, ప్రతిసారి కొత్త ప్రకటన చదివి చెప్పాలి. మాట విని చెప్పకూడదు.

ఆ అబ్బాయి సంగతి అడుగుతారేమో. తరువాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్చుకొని హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాడు. సిపాయి కాలేదు. మమ్మల్ని క్షమించానని నోటితో అనలేదు, మేమును అడిగి ఇబ్బంది పెట్టలేదు. పోయిన క్రిస్మసుకు వచ్చినప్పుడు తన అక్క బిడ్డను ప్రతిష్ఠకు తీసికొని వచ్చారు. మేము బిడ్డను ఎత్తుకొనకముందే అతడు జేబులో నుండి ఒక మడత కాగితము తీసి మా చేతిలో పెట్టాడు. జనన ధ్రువపత్రము. "తేదీ చూసుకోండి అయ్యగారూ" అన్నాడు. చూశాము. తల్లి చెప్పిన తేదీయే. ఆ తేదీయే మా రిజిస్టరులో వ్రాసికొన్నాము.

పరలోకపు తండ్రీ, మా బిడ్డలను నీ చేతికి అప్పగిస్తున్నాము. వారు తట్టబోయే తలుపుల కొరకు ముందుగానే వారిని సిద్ధపరచే జ్ఞానము మాకు దయచేయుము. మా తొందరపాటు వలన ఏ బిడ్డయు గుమ్మము దగ్గర ఆగిపోకుండ కాపాడుము. ఆమేన్.